తీగ కనబడినా పర్వాలేదు

సెలవులు దగ్గర పడేసరికి మా అపార్ట్‌మెంట్‌లో తల్లులంతా ఒకరినొకరు అడిగే మాట ఒకటే: ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు? గేమ్ జోన్, వాటర్ పార్క్, రిసార్టు, కొత్త సినిమా. జవాబులు ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. శని, ఆదివారాల్లో పొద్దున మ్యూజియం, సాయంత్రం నాటకం అని నేను చెబితే ఎదురు ప్రశ్నలు వస్తాయి. మ్యూజియం స్కూలువాళ్ళు ఎలాగూ చూపిస్తారుగా? ఈ కాలం పిల్లలు నాటకం ముందు కూర్చుంటారా? లిఫ్ట్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబులు కావివి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను చెప్పేది ఇది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియంకీ, సురభి నాటకానికీ కలిపి తీసుకెళ్ళాలి. ఒకటి చూపించి రెండోది వచ్చే ఏడాదికి వాయిదా వేయకూడదు. ఈ రెండు చోట్లా పిల్లలకి దొరికేది ఒకటే. మనిషి చేత్తో చేసిన వింత, అది ఎలా చేశారో తామే కనిపెట్టగలిగినంత దగ్గరలో దొరుకుతుంది. అలాంటిది ఇప్పుడు వాళ్ళకి ఇంకెక్కడా దొరకడం లేదు.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఒకసారి గమనించండి. తెర మీద కొండ విరిగి పడినా, ఏనుగు ఎగిరినా, మనిషి మంటల్లోంచి నడిచొచ్చినా వాళ్ళు అనేది ఒకటే మాట: "గ్రాఫిక్స్ లే." మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. వాడూ అదే అంటాడు. ఆ మాట అన్నాక ఇక వాడికి ప్రశ్న మిగలదు. ఎవరు చేశారు, ఎన్నాళ్ళు పట్టింది, నేను చేయగలనా అన్న ఆలోచన రాదు. అంతా ఎక్కడో కంప్యూటర్లో అయిపోతుంది, మనకి తెలిసేది కాదు అని వదిలేస్తాడు. గ్రాఫిక్స్ చేసేవాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది కూడా మనుషులు రాత్రింబగళ్ళు కూర్చుని చేసే పనే. కానీ ఆ పని చూసేవాడికి కనబడదు. పని కనబడనప్పుడు ఆశ్చర్యం ఎంతోసేపు నిలవదు.

సాలార్‌జంగ్‌లో ముసుగు రెబెక్కా ముందు నిలబెట్టినప్పుడు మాత్రం వాడు ఆ మాట అనలేకపోయాడు.

ఆ బొమ్మ గురించి కాస్త చెప్పాలి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి విగ్రహం అది. నిజాం కొలువులో దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. బైబిల్లోని రెబెక్కా ముఖం మీద మేలి ముసుగు ఉంటుంది. ముసుగు కింద ముక్కు, పెదవులు, కనురెప్పలు తెలుస్తూ ఉంటాయి. చూసిన ప్రతివాళ్ళూ "అబ్బ, గుడ్డ ఎంత పల్చగా ఉందో" అంటారు. అక్కడ గుడ్డ లేదు, ఉన్నదంతా రాయే. రాయి పల్చన కూడా కాదు, వెలుగు అందులోంచి అవతలికి పోదు. శిల్పి చేసిందల్లా, బట్ట ముఖానికి అతుక్కునే చోట రాతిని నున్నగా వదిలి, మడతపడే చోట సన్నటి గీతలా పైకి లేపడం. మిగతా ముసుగంతా మన కళ్ళే కల్పించుకుంటాయి. ఈ సంగతి నేను ముందుగా చెప్పలేదు. "గుడ్డ ఎక్కడ మొదలైందో వేలుతో చూపించు, ముట్టుకోకుండా" అన్నాను. వాడు ముక్కు దగ్గర చూపించాడు, తర్వాత కాదన్నాడు, నుదుటి దగ్గరికెళ్ళాడు, చుట్టూ తిరిగొచ్చాడు. చివరికి "అంతా ఒకే రాయి కదమ్మా" అన్నాడు. అన్నాక కూడా కదల్లేదు. అది రాయేనని తెలిశాక వాడికి ఇంకా బాగా నచ్చింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉంది. రహస్యం తెలిస్తే వింత పోతుందని పెద్దవాళ్ళం అనుకుంటాం. పిల్లల విషయంలో అది నిజం కాదు. వాళ్ళు రహస్యం తెలుసుకుని కూడా నమ్మగలరు. రాయి అని ఒప్పుకుంటారు, ముసుగనీ ఒప్పుకుంటారు. ఆ రెంటి మధ్యా వాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు.

అదే మ్యూజియంలో రెండు ముఖాల కొయ్య బొమ్మ ఉంది. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా, ఇద్దరూ జర్మన్ కవి గోథే 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలు. ముందు నుంచి చూస్తే తల ఎగరేసి నిలబడ్డ సైతాను, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తల వంచుకున్న అమ్మాయి. మా అమ్మాయి పన్నెండేళ్ళది. అది అద్దం జోలికి పోకుండా పక్కకెళ్ళి నిలబడింది. ఇద్దరు మనుషులూ కలిసే చోటు, అంటే వాడి భుజం ఆమె భుజంగా మారే అంచు, పక్క నుంచే తెలుస్తుంది. వాడి అంగీ మడతలు ఆమె గౌను మడతల్లోకి ఎలా వెళ్ళాయో అక్కడ చూడాలి. చెక్కినవాడికి అసలు పరీక్ష అక్కడే. చాలామంది ముందు నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. పక్కన నిలబడి చూడటం నాకూ అప్పటిదాకా తోచలేదు.

ఇక గడియారం. సాలార్‌జంగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. కుక్ అండ్ కెల్వీ సంస్థ గడియారం. గంట కొట్టే వేళకి కాస్త ముందుగా ఒక చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు కదా, ఆ వేళకి అక్కడ జనం కిటకిటలాడతారు. నాకు మాత్రం అందులో ఇంకో బొమ్మ ఇష్టం. సుత్తి పట్టుకున్న కమ్మరి. అతను ప్రతి సెకనుకీ ఒక దెబ్బ వేస్తూనే ఉంటాడు. గంట కొట్టేవాడి కోసం ఎదురుచూసేవాళ్ళలో చాలామంది కళ్ళు ఈ కమ్మరి మీద పడవు. గంటలో 3600 దెబ్బలు అతనివి, అయిదో పదో దెబ్బలు గంట కొట్టేవాడివి. పన్నెండింటికి కాకుండా పదకొండున్నరకి వెళ్ళి, ఎవరూ లేనప్పుడు ఆ కమ్మరిని చూడండి. పిల్లలు చప్పున పట్టుకుంటారు. "వీడే కదా అసలు పని చేసేది" అంది మా అమ్మాయి.

ఆ గడియారం ముందు కూర్చున్న జనం ప్రేక్షకుల్లాగే ఉంటారు. అందరూ ఒకవైపే చూస్తుంటారు, మాటలు తగ్గుతాయి, బొమ్మ రాగానే పిల్లల్ని పైకెత్తుతారు, అయిపోగానే చప్పట్లు కొట్టేవాళ్ళూ ఉంటారు. మ్యూజియం మధ్యలో రోజూ ఒక చిన్న నాటకం ఆడుతోందన్నమాట. జనానికి అది కావాలని దీన్నిబట్టే తెలుస్తోంది.

మరి మ్యూజియం అంటే బోరు అన్న పేరు ఎందుకొచ్చింది? మనం చూపించే తీరు వల్ల. సాలార్‌జంగ్ వస్తువులు 40 వేల పైచిలుకు. అన్నీ ప్రదర్శనకు పెట్టరు, పెట్టినవి చూడటానికే ఒక రోజు చాలదు. మనం మాత్రం టికెట్ కొన్నాం కాబట్టి ముప్పైకి పైగా గ్యాలరీలు అన్నీ చుట్టేయాలనుకుంటాం. స్కూలు పిల్లలైతే మరీ పాపం. ముందువాడి భుజం మీద చెయ్యి వేసుకుని వరసగా నడుస్తుంటారు, పక్కన టీచరు "నడవండి నడవండి, బస్సు టైమైంది" అంటుంటారు. ఒక పిల్ల దంతపు కుర్చీల దగ్గర ఆగితే వెనకున్న వరసంతా ఆగిపోతుంది, వెంటనే ఒక కేక పడుతుంది. ఆ పిల్లకి మ్యూజియం చూపించామని ఎలా అంటాం? అందుకే స్కూలువాళ్ళు చూపిస్తారుగా అన్న మాటతో నాకు పేచీ. నూరుమందిని తీసుకొచ్చిన టీచరు ఆగలేరు, తప్పు వాళ్ళది కాదు. ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లి ఆగగలదు. ఆగడమే ఇంటివాళ్ళు ఇవ్వగలిగింది.

మేము మూడు వస్తువులు అనుకుని వెళ్తాం. నాలుగోది పిల్లలు ఎంచుకుంటారు. దాంతో సరి. గోడ మీది వివరాలు ముందు చదవనివ్వను, చూడటం అయ్యాక చదువుకుంటారు. ముందే చదివితే కన్ను ఆ రాసినదాన్నే వెతుక్కుంటుంది. బయటికొచ్చాక "ఏం నేర్చుకున్నారు" అని అడగొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే పిల్లలు లోపల వస్తువుల్ని చూడటం మానేసి జవాబులు వెతకడం మొదలుపెడతారు.

చరిత్ర కూడా చెప్పొద్దా అంటే, చెప్పాలి, కథలా చెప్పాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుంచి 1914 వరకు ఏడో నిజాం దగ్గర దివాన్‌గా పనిచేశారు. ఆ పదవి వదిలాక జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిపారు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయారు. ఆయన ఇల్లు, దివాన్ దేవ్‌డీ, 1951 డిసెంబరు 16న మ్యూజియంగా తెరుచుకుంది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది 1968లో. ఆయనా, ఆయన తాత మొదటి సాలార్‌జంగూ తమకోసం కొనుక్కున్నవన్నీ చివరికి మనందరివీ అయ్యాయని చెబితే మావాడు చాలాసేపు ఆలోచించి, "అయితే రెబెక్కా మనదేనా?" అన్నాడు. మనదే అన్నాను. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది కూడా.

సాయంత్రం సంగతికొస్తాను. రాయడానికి నాకు ఎక్కువ ఉత్సాహం ఉన్నది దీని గురించే.

సురభి పుట్టింది 1885లో. కడప జిల్లా సురభి అనే ఊళ్ళో ఒక పెళ్ళిలో 'కీచక వధ' ఆడారు. వనారస గోవిందరావు గారి పేరు మొదట చెప్పుకోవాలి. వాళ్ళు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవాళ్ళు, మరాఠీ నేల నుంచి ఇటు వచ్చినవాళ్ళు. తెర వెనక నిలబడి బొమ్మని ఆడించిన మనుషులు తామే తెర ముందుకొచ్చారు. అక్కడి నుంచి కుటుంబాలకి కుటుంబాలే నాటక సమాజాలయ్యాయి. తాత హార్మోనియం, తండ్రి రాజు వేషం, తల్లి రాణి, నెలల పిల్ల చిన్ని కృష్ణుడు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. మన సినిమాకి మాట వచ్చినప్పుడు ఆ మాట పలికిన గొంతుల్లో సురభి గొంతు కూడా ఉందన్నమాట.

మా అత్తయ్య చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో సురభివాళ్ళు డేరా వేసుకుని నెలల తరబడి ఉండేవారట. రేకులు, తడికెలు కట్టి హాలు కట్టేసేవారు. పగలు ఆ వేషధారులే బజార్లో కూరగాయలు బేరమాడుతుంటే పిల్లలు వెంటపడి "సుభద్ర, సుభద్ర" అని చెప్పుకునేవారట. ఆవిడ ఇది చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నాటకానికి నానమ్మని తీసుకెళ్ళడం అందుకే తప్పనిసరి. హాల్లో మాకు తెలియనివి ఆవిడకి తెలుసు. ఏ పద్యం దగ్గర తల ఊపాలో, ఎక్కడ వన్స్ మోర్ కొట్టాలో, పక్క వింగ్‌లోంచి మాట అందించే ప్రాంప్టర్ గొంతు ఎటు నుంచి వస్తుందో ఆవిడ చెప్పాలి.

మేము చూసింది 'మాయాబజార్'. తెర లేవగానే సభ. గుడ్డ మీద రంగులతో వేసిన స్తంభాలు, ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ పోతాయి, చూస్తే ఎంత దూరం ఉందో అనిపిస్తుంది. దీపం ఆరి మళ్ళీ వెలిగేలోగా ఆ గుడ్డ పైకి చుట్టుకుపోయి అడవి దిగుతుంది. నారదుడు మబ్బు మీద కూర్చుని కిందికి వస్తాడు. బాణానికి బాణం ఎదురొచ్చి మధ్యలో ఢీకొంటే నిప్పురవ్వలు రాలతాయి. మావాడు మొదటి బాణానికే ముందుకు వంగాడు. రెండో బాణానికి నా చెవిలో "అమ్మా, తీగ!" అన్నాడు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి సన్నటి తీగ ఉంది, బాణాలు దాని మీదుగా వస్తున్నాయి. లైటు పడినప్పుడు ఒక్క క్షణం మెరిసింది.

నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది, ఇక వీడికి నాటకం మీద ఆసక్తి పోతుందేమోనని. జరిగింది వేరు. అక్కడి నుంచి వాడు కుర్చీ అంచు మీదికి వచ్చేశాడు. నారదుడికీ తీగ ఉందా, ఎవరు లాగుతున్నారు, ఆయన బరువు ఎంత, తెగితే ఎలా? బాణం ఢీకొన్నప్పుడు మాత్రం మళ్ళీ అందరితో పాటు ఎగిరి చప్పట్లు కొట్టాడు. తీగ చూసినవాడే ఆ బాణానికి భయపడ్డాడు కూడా. పొద్దున రాతి ముసుగు ముందు నిలబడ్డ పిల్లాడే కదా, సాయంత్రం తీగ మీద బాణాన్ని అలాగే చూశాడు. పొద్దుటి చూపు సాయంత్రానికి అక్కరకొచ్చింది. రెండూ కలిపి చూపించమని నేను పట్టుబట్టేది ఇందుకే.

నాటకం అయ్యాక వేదిక దగ్గరికి వెళ్తే ఒక పెద్దాయన పిల్లల్ని పక్క వింగ్ దాకా రానిచ్చారు. అక్కడ చూశాం మబ్బుని. చెక్క చట్రం, దాని మీద అట్ట, అట్ట మీద దూది అంటించి నీలం పూశారు. కప్పీ మీద తాడు జారి జారి చెక్కలో గాడి పడింది, ఆ గాడి చేతి వేలంత లోతుంది. తాడు లాగే కుర్రాడు కాసేపటి క్రితం సైనికుడి వేషంలో బల్లెం పట్టుకుని నిలబడ్డవాడే, మీసం ఇంకా అలాగే ఉంది. "ఇంతేనా?" అని మావాడు అనలేదు. "నేను ఒకసారి లాగనా అన్నా?" అన్నాడు. ఆ కుర్రాడు నవ్వి, మబ్బు ఖాళీగా ఉంది కాబట్టి లాగనిచ్చాడు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదనలకి జవాబు చెప్పాలి, అవి తేలిగ్గా తీసేసేవి కావు.

పిల్లలకి పద్యం అర్థం కాదంటారు. నిజమే. ఇంగ్లీషు మీడియం పిల్లలకి సమాసాలు అందవు. కానీ అర్థం కాకుండా వినడం పిల్లలకి అలవాటే, తెలియని భాషల పాటలు వాళ్ళు రోజంతా పాడుకుంటారు. పద్యం చివర రాగం తీస్తుంటే నటుడి మెడ నరాలు ఉబ్బడం, హార్మోనియం ఆయన వెనకే ఎక్కడం, ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు లాగుతాడో అని హాలంతా బిగబట్టడం, ఇవి అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక పద్యం అర్థం నానమ్మని అడిగింది. ఆవిడకి సగమే గుర్తుంది. ఇద్దరూ కలిసి వెతుక్కున్నారు.

పురాణాల్లో పాత భావాలు ఉంటాయి కదా, ఆడపిల్లలకి అవి చూపించడం ఎందుకని ఒక స్నేహితురాలు అడిగింది. ఈ ప్రశ్నని నేను గౌరవిస్తాను. మా అమ్మాయి కూడా ఇంటికొస్తూ దారిలో ఇదే అడిగింది: "పెళ్ళి గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు, శశిరేఖని ఎవరూ అడగరేంటి?" మా అత్తయ్య తడుముకోకుండా అంది: "అడగలేదు కాబట్టేనమ్మా మాయాబజారు పెట్టాల్సొచ్చింది." కథని దాచిపెట్టి ఉంటే ఈ ప్రశ్నా ఉండేది కాదు, ఈ జవాబూ ఉండేది కాదు. ప్రశ్న అడిగే పిల్లని నాటకానికి తీసుకెళ్ళడంలో నష్టం నాకు కనబడటం లేదు. అడగని పిల్లనైతే ఇంకా తప్పకుండా తీసుకెళ్ళాలి.

నేను గట్టిగా ఒప్పుకునే ఫిర్యాదు ఒకటుంది, అది నాటకం మీద కాదు, నాటకం పెట్టేవాళ్ళ మీద. ఒక హాల్లో ఆరున్నరకి మొదలు అని రాశారు. ఆరున్నరకి వేదిక మీద కుర్చీలు వేశారు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, ఒక్కొక్కరికీ శాలువా, పూలగుచ్ఛం, జ్ఞాపిక, ఆ తర్వాత ఒక్కొక్కరి ప్రసంగం. మాట్లాడిన ప్రతివాళ్ళూ నాటక రంగం అంతరించిపోతోందని బాధపడ్డారు. వాళ్ళు బాధపడుతుండగానే ముందు వరసల్లో పిల్లలు ఒక్కొక్కరూ ఒడిలో నిద్రపోయారు. తెర వెనక మేకప్ వేసుకుని కిరీటాలు పెట్టుకున్న మనుషులు అంతసేపూ నిలబడి ఉన్నారని తలుచుకుంటే నాకు కోపం వచ్చింది. నాటకాన్ని బతికించాలనుకుంటే చేయగలిగిన మొదటి పని చెప్పిన వేళకి తెర లేపడం. సన్మానాలు చేయొద్దనను, నటులకి చేయండి, నాటకం అయ్యాక చేయండి. సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. అలాంటివాళ్ళకి చప్పట్లు కొట్టడానికి ఎంత రాత్రైనా కూర్చుంటాం.

డబ్బు సంగతి కూడా. నాటకం అనగానే పాస్ దొరుకుతుందా అని అడిగే అలవాటు మనకుంది. మల్టీప్లెక్సులో అడగం. పాతిక ముప్పై మంది కళాకారులు, అంతకు మించిన సామాను, లారీ, వాయిద్యాలు, వాటన్నిటి ఖర్చూ టికెట్ల మీద రావాల్సిందే. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది, ఆ కుటుంబాలు అక్కడున్నాయి. వాళ్ళ పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్తున్నారు, వెళ్ళాలి కూడా. వంశం కాబట్టి ఆకలితోనైనా ఆడాలని కోరే హక్కు ప్రేక్షకుడికి లేదు. సరైన ధరకి టికెట్ కొని చూసేవాళ్ళుంటే, ఆడాలనుకున్న పిల్లలు ఆడతారు.

హైదరాబాద్ బయట ఉన్నవాళ్ళు అడుగుతారు, మా సంగతేంటని. నాగార్జునకొండ ఉంది. సాగర్ నీళ్ళలో మునిగిపోయే లోయని ముందే తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం కట్టారు. ఆ కొండ ఇప్పుడు దీవి, పడవ మీద వెళ్ళాలి. అమరావతిలోనూ మ్యూజియం ఉంది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నై ఎగ్మోర్‌లో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఎందుకున్నాయో పిల్లలకి చెప్పడానికి ఒక పూట పడుతుంది. పద్య నాటకాలు పండగలకీ, తిరునాళ్ళకీ చాలా ఊళ్ళలో ఇప్పటికీ ఆడుతున్నారు. వెతికితే దొరుకుతాయి, ఎక్కువగా టికెట్ కూడా ఉండదు.

హైదరాబాద్‌లో దీనికి చోటు వెతుక్కోవలసిన పని కూడా లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది, 1930లో ఏర్పాటైంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఈజిప్టు మమ్మీ అందులోనే ఉంది, పిల్లలు దానికోసమైనా వస్తారు. అదే తోటలో లలితకళా తోరణం అనే ఆరుబయలు వేదిక ఉంది. ఒకప్పుడు సురభివాళ్ళు అక్కడ నాటకాలు ఆడేవారు, నగరంలో చాలామంది వాళ్ళని మొదటిసారి చూసింది ఆ వేదిక మీదే. మ్యూజియమూ వేదికా ఒకే గేటు లోపల ఇంత దగ్గరగా ఉండటం ఎన్ని నగరాల్లో ఉంటుంది?

దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో శని, ఆదివారాల్లో అక్కడ సురభి నాటకం క్రమం తప్పకుండా పెట్టాలని నా కోరిక. ఏ వారం ఏ నాటకమో నెల ముందే తెలియాలి. మధ్యాహ్నం మ్యూజియం చూసిన టికెట్‌తో సాయంత్రం నాటకానికి కొంత తగ్గింపు ఇవ్వొచ్చు. మ్యూజియం మూశాక పిల్లలు తోటలో పరిగెత్తడానికి ఒక గంట, ఆ తర్వాత తెర లేవాలి. పెద్దవాళ్ళ కోసం మెట్లు లేని దారి కావాలి, మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఆడవాళ్ళకి శుభ్రమైన టాయిలెట్లు కావాలి, మూడు గంటల నాటకానికి ఇంటిల్లిపాదీ రావాలంటే ముందు చూసుకునేది అదే. తొమ్మిదిన్నరకి అయిపోతే మెట్రో దొరుకుతుంది. ముందు రెండు వరసలు అతిథుల పేర్లు అంటించకుండా పిల్లలకి వదలాలి, తీగ అక్కడి నుంచైతేనే కనబడుతుంది.